రిపోర్టులో చాలామంది ఫోన్ పేరు "కె" అని వస్తోంది, అందరిదీ ఆండ్రాయిడ్ 10 అంట.. ఎవరికైనా ఐడియా ఉందా?

మాదాపూర్_మిడిల్‌వేర్

అందరికీ నమస్తే. మాది మాదాపూర్‌లో చిన్న కంపెనీ, ఒక డయాగ్నస్టిక్స్ వాళ్లకి వెబ్ అప్లికేషన్ చేసిపెట్టాం, సిటీలో నాలుగైదు ఏరియాల్లో బ్రాంచిలున్నాయి వాళ్లకి. పేషెంట్ ఫోన్‌కి లింక్ వెళ్తుంది, దాంట్లోనే టెస్ట్ బుక్ చేస్కోవడం, డబ్బులు కట్టడం, రిపోర్ట్ డౌన్‌లోడ్ చేస్కోవడం, అంతకుమించి ఏం లేదు.

క్లయింట్ సార్‌కి నెలనెలా ఒక లెక్క కావాలి, ఎవరు ఏ ఫోన్ నుంచి వస్తున్నారు, ఏ ఓఎస్, ఏ బ్రౌజర్ అని. మేం సర్వర్‌లో యూజర్ ఏజెంట్ స్ట్రింగ్ (బ్రౌజర్ తన గురించి తనే సర్వర్‌కి పంపే పరిచయం) పట్టుకుని రెగెక్స్‌తో (టెక్స్ట్‌లో మాటలు వెతికే నమూనా) విడగొట్టి టేబుల్‌లో పడేస్తున్నాం. ఆ కోడ్ నేను రాసింది కాదు, నాకంటే ముందున్నతను రాసేసి నోటీస్ పీరియడ్ అవగానే వెళ్లిపోయాడు, ఒక్క కామెంట్ కూడా లేదు దాంట్లో.

ఇప్పుడు చూస్తే మోడల్ కాలమ్‌లో ఎక్కువ శాతం "కె" అనే ఉంది, వెర్షన్ కాలమ్‌లో ఆండ్రాయిడ్ 10. సార్ ఫోన్ చేసి "ఈ కె కంపెనీ ఎవరిదయ్యా, షాపుల్లో ఎక్కడా చూళ్లేదే" అంటున్నాడు, నేనేం చెప్పాలి. లాగ్‌లో లైన్ ఇలా ఉంది:

మొజిల్లా/5.0 (లినక్స్, ఆండ్రాయిడ్ 10, కె) యాపిల్‌వెబ్‌కిట్/537.36 (కేహెచ్‌టీఎంఎల్, లైక్ గెకో) క్రోమ్/124.0.0.0 మొబైల్ సఫారీ/537.36

ఇంకో రెండున్నాయి. బ్రాంచిల్లో రిసెప్షన్‌లో ఐప్యాడ్‌లు పెట్టారు, అవన్నీ మ్యాక్ అని నమోదవుతున్నాయి, వాటికి డెస్క్‌టాప్ మెనూ వెళ్తోంది, మౌస్ పెడితే తెరుచుకునే మెనూ అది, వేలితో నొక్కితే కదలదు. రెండోది ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ చూసి వచ్చినవాళ్లు యూపీఐ బటన్ నొక్కగానే "వెబ్‌పేజ్ నాట్ అవైలబుల్" అని వస్తోందంట, అదే లింక్ క్రోమ్‌లో తెరిస్తే బానే కట్టించుకుంటోంది.

డబ్బులు పెట్టి డివైస్ డేటాబేస్ (ఏ స్ట్రింగ్ ఏ ఫోన్‌దో చెప్పే పట్టిక) లైసెన్స్ తీస్కుందాం అని టీమ్‌లో ఒకరంటున్నారు. తీస్కోవచ్చా, లేక వేరే దారుందా?

బండ్లగూడ_బ్యాకెండ్

భాయ్ నీ రెగెక్స్‌కి ఏం కాలే, మీ పేషెంట్లు అందరు కూడబలుక్కొని ఒక్కటే ఫోన్ కొనలే. గూగులోడే గట్ల చేసిండు. యూజర్ ఏజెంట్ రిడక్షన్ అంటరు దాన్ని, ఒక్కసారి చెయ్యలే, మెల్లమెల్లగ చేసుకుంట వచ్చిన్రు. 2022ల క్రోమ్ 101 నుంచి వెర్షన్ వెనక ఉండే చిన్న నంబర్లన్ని సున్నాలు చేసిన్రు, నీ లాగ్‌లనే చూడు 124.0.0.0 అని ఉంది. 2023ల క్రోమ్ 110 కాడికి వచ్చేసరికి మొబైల్ వంతైంది, లోపల ఆండ్రాయిడ్ 13 ఉండని 15 ఉండని బయటికి "ఆండ్రాయిడ్ 10", ఫోన్ ఏదైనా సరే "కె". మీ సార్‌కి చెప్పు, కె అంటే కంపెనీ కాదు, మోడల్ చెప్ప అని క్రోమ్ అంటున్నట్టు.

ఎందుకు చేసిన్రంటే ఫింగర్‌ప్రింటింగ్ గురించి. ఫోన్ మోడల్, బిల్డ్ నంబర్, ఓఎస్ వెర్షన్, బ్రౌజర్ పూర్తి వెర్షన్, ఐపీ ఇవన్నీ కలిపితే కుకీ లేకుండనే ఫలానా మనిషి మళ్ల వచ్చిండు అని పట్టుకోవచ్చు, అందుకే ఆ తీగలు ఒక్కొక్కటి తెంపుతున్నరు. క్రోమ్ ఒక్కటే అనుకోకు. విండోస్ 11 ఉన్న కంప్యూటర్ గూడ "విండోస్ ఎన్‌టీ 10.0" అనే పంపుతది. మ్యాక్ ఎంత కొత్తదైనా 10_15_7 కాడనే ఆగిపోయింది. ఐఓఎస్ 26 వచ్చినంక సఫారీ గూడ ఫోన్ ఓఎస్ 18_6 అని చెప్పుడు షురూ చేసింది. ఐఫోన్ అయితే ఏ మోడలో ఎన్నడూ చెప్పలే, "ఐఫోన్" అంటది, గంతే.

అసలు ముచ్చట ఇంకోటుంది, దీన్ని ఎవ్వలు పట్టించుకోరు. నీ టేబుల్‌ల కొన్ని వరుసలకి మోడల్ పేర్లు ఇంక వస్తున్నయి గద, అవి చూసి సారు "మనోళ్లు ఎక్కువ ఫలానా ఫోన్ వాడుతున్నరు" అనుకుంటే బోల్తా పడతడు. ఆ పేర్లు ఎవలెవలివి? క్రోమ్ ఏండ్ల సంది అప్డేట్ చెయ్యనోళ్లవి, లేకుంటే వేరే యాప్‌ల లోపల నీ పేజీ తెరిచినోళ్లవి. ఈ రెండు గుంపులు మీ పేషెంట్లందరి లెక్క ఉండయి. అంటే సగం లెక్క పోయిందని కాదు, మిగిలిన సగం గూడ ఒక దిక్కు వాలి ఉంది. గా కాలమ్ నేనైతే రిపోర్ట్‌ల నుంచి తీసేస్తా.

నిజంగనే మోడల్ కావాలంటే క్లయింట్ హింట్స్ అని ఉన్నయి, క్రోమ్ 89 నుంచి, 2021 నుంచి. బ్రౌజర్ అడగకుండనే మూడు హెడర్లు (రిక్వెస్ట్‌తోని పోయే చిన్న వివరాలు) పంపుతది, బ్రాండ్ పేరు, మొబైలా కాదా, ప్లాట్‌ఫాం ఏంది. మోడల్, అసలు ఓఎస్ వెర్షన్ కావాలంటే నువ్వు అడగాలె. సర్వర్ జవాబుల యాక్సెప్ట్-సీహెచ్ హెడర్ పెట్టి దాంట్ల సెక్-సీహెచ్-యూఏ-మోడల్, సెక్-సీహెచ్-యూఏ-ప్లాట్‌ఫాం-వెర్షన్ అని రాస్తే తర్వాతి రిక్వెస్ట్ నుంచి పంపుతది. హెచ్‌టీటీపీఎస్ ఉంటేనే. విండోస్ 11 గూడ గట్లనే తెలుస్తది, ప్లాట్‌ఫాం వెర్షన్ 13 గాని దానికి మీద గాని ఉంటే విండోస్ 11, 1 నుంచి 10 మధ్యల ఉంటే విండోస్ 10. సఫారీల, ఫైర్‌ఫాక్స్‌ల మాత్రం ఈ హింట్లు లేవు, గది గుర్తుంచుకో.

పాత_పీహెచ్‌పీ

పైన చెప్పింది కరెక్టే. నేను చెప్పేది మీ ముందున్నాయన రాసిన కోడ్ గురించి. ఆ రెగెక్స్‌లు ఏ వరుసలో ఉన్నాయో ముందు చూడండి.

ఎందుకంటే ఈ స్ట్రింగ్‌లో ఒక్కడూ సొంత ఇంటిపేరు మీద లేడు, అందరూ దత్తత వెళ్లినవాళ్లే. 90లలో నెట్‌స్కేప్ మొజిల్లా అని పంపేది, ఫ్రేములు దానికే వచ్చు కాబట్టి సైట్లవాళ్లు మొజిల్లా కనబడితేనే ఫ్రేములున్న పేజీ ఇచ్చేవాళ్లు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి కూడా ఫ్రేములొచ్చాక మంచి పేజీ దక్కట్లేదని అదీ మొజిల్లా అనడం మొదలెట్టింది. లినక్స్ డెస్క్‌టాప్ చేసే కేడీఈ వాళ్ల కేహెచ్‌టీఎంఎల్ ఇంజన్, మొజిల్లా వాళ్ల ఇంజన్ గెకోలాంటిదాన్నే అని చెప్పుకోడానికి "లైక్ గెకో" అని తగిలించుకుంది, 2003లో యాపిల్ అదే ఇంజన్ మీద సఫారీ తెచ్చింది, 2008లో క్రోమ్ వచ్చి సఫారీ పేరు కూడా పెట్టుకుంది. ఇప్పుడు ఎడ్జ్ ఆ పేర్లన్నీ చదివి ఆఖర్న "ఈడీజీ" అంటుంది, ఒపెరా "ఓపీఆర్" అంటుంది, శాంసంగ్ బ్రౌజర్ కూడా మధ్యలో తన పేరు ఇరికిస్తుంది.

అందుకని ముందు ఎడ్జ్, ఒపెరా, శాంసంగ్, తర్వాతే క్రోమ్, అన్నిటికన్నా చివర్న సఫారీ చూడాలి. తిరగేస్తే ప్రపంచంలో అందరూ సఫారీ వాడుతున్నట్టే వస్తుంది. ఐఫోన్‌లో క్రోమ్ అయితే "క్రోమ్" అనే మాటే ఉండదు, "సీఆర్ఐఓఎస్" అని ఉంటుంది, ఫైర్‌ఫాక్స్ "ఎఫ్ఎక్స్ఐఓఎస్". అయినా ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ పెట్టుకున్నా లోపల నడిచేది యాపిల్ ఇంజన్ వెబ్‌కిట్టే, యూరప్‌లో 2024లో ఐఓఎస్ 17.4 నుంచి, ఆ తర్వాత జపాన్‌లో వేరే ఇంజన్‌కి అనుమతిచ్చారు, మన దగ్గర అదేం లేదు. కాబట్టి "ఐఫోన్ క్రోమ్‌లో బటన్ పని చెయ్యట్లేదు" అని టికెట్ వస్తే సఫారీలో చూడండి, అక్కడా చెయ్యదు. బ్రేవ్‌ని స్ట్రింగ్‌లో వెతక్కండి, అది అచ్చం క్రోమ్‌లాగే ఉంటుంది, కావాలనే అలా ఉంచారు.

ఇంకొకటి, వెర్షన్‌కి రెండంకెలే తీసుకునే రెగెక్స్ ఉందేమో చూడండి. 2022 మార్చిలో క్రోమ్ 100 వచ్చినప్పుడు అలాంటి కోడ్‌లన్నీ దాన్ని 10 అని చదివి "మీ బ్రౌజర్ పాతది, అప్డేట్ చేస్కోండి" అని జనాన్ని బయటికి పంపాయి.

డేటాబేస్ విషయం. వాప్ (పాత బటన్ ఫోన్లలో ఇంటర్నెట్) కాలంలో అవి లేకపోతే పనయ్యేది కాదు. నోకియా ఫోన్ ఎక్స్-వాప్-ప్రొఫైల్ అని ఒక హెడర్ పంపేది, దాంట్లో ఎక్స్ఎంఎల్ ఫైల్ అడ్రస్ ఉండేది, స్క్రీన్ ఎంత, ఏ ఇమేజ్ ఫార్మాట్ చదవగలదు అన్నీ అందులో ఉండేవి, దాని మీదా వర్ఫల్ అనే డివైస్ డేటాబేస్ మీదా ఆధారపడి ఫోన్‌కో సైజు బొమ్మ పంపేవాళ్లం. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు అదే పేజీ అన్ని సైజుల్లోనూ సర్దుకుంటుంది. మీరు పట్టుకెళ్లి "కె" అని ఇస్తే ఎంత ఖరీదు డేటాబేసైనా "కె" అనే చెప్పగలదు, హింట్లు ఇస్తేనే ఏదైనా చెప్తుంది. నెలకో టేబుల్ కోసం లైసెన్స్ కొనడం నాకైతే దండగ అనిపిస్తోంది. హింట్స్‌లో వచ్చే మోడల్ "ఎస్ఎం-" అని ఏదో కోడ్‌లా ఉంటుంది, దానికి మార్కెట్ పేరు కావాలంటే గూగుల్ ప్లే వాళ్లే సపోర్ట్ ఉన్న డివైస్‌ల లిస్ట్ సీఎస్‌వీగా ఊరికే ఇస్తారు, అది లోడ్ చేస్కుంటే చాలు.

ఫ్రీ లైబ్రరీ వాడతానంటే వాడండి, కానీ వెర్షన్ గట్టిగా కట్టేయండి. యూఏపార్సర్ జేఎస్ అని బాగా పేరున్నది ఉంది, 2021 అక్టోబర్‌లో దాన్ని నడిపే ఆయన ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ లైబ్రరీలు పెట్టే చోటు) అకౌంట్ ఎవడో కొట్టేసి పాస్‌వర్డ్‌లు దొంగిలించే కోడ్, కాయిన్ మైనర్ కలిపి మూడు వెర్షన్లు వదిలాడు, ఆటోమేటిక్‌గా అప్డేట్ అయ్యేలా పెట్టుకున్నవాళ్ల మెషీన్లలోకి నేరుగా దిగింది. తర్వాత రెండో వెర్షన్‌కి లైసెన్స్ కూడా ఏజీపీఎల్‌కి (వాడేవాళ్ల కోడ్ కూడా బయటపెట్టమనే షరతులున్న లైసెన్స్) మార్చారు, క్లయింట్ ప్రాజెక్ట్‌లో పెట్టేముందు అది చదువుకోండి.

మాదాపూర్_మిడిల్‌వేర్

@బండ్లగూడ అన్నా థాంక్స్, యాక్సెప్ట్-సీహెచ్ పెట్టి చూశా, మోడల్ వస్తోంది. కానీ ఫస్ట్ పేజీకి రావట్లేదు, రెండో పేజీ నుంచి వస్తోంది. మా పేషెంట్లలో చాలామంది లింక్ నొక్కి రిపోర్ట్ చూసి వెళ్లిపోతారు, రెండో పేజీ అనేదే ఉండదు. 

@పాత_పీహెచ్‌పీ గారూ, మీరన్న రెండంకెల రెగెక్స్ ఉంది సార్, ఫైర్‌ఫాక్స్‌కి ఉంది :)

బండ్లగూడ_బ్యాకెండ్

క్రిటికల్-సీహెచ్ అని ఇంకో హెడరుంది, అది గూడ పెడితే బ్రౌజర్ అక్కడికక్కడ మళ్ల అడుగుతది హింట్లతోని. కానీ గట్ల చేస్తే మొదటి పేజీకి ఒక రౌండ్ ట్రిప్ ఎక్కువైతది, సిగ్నల్ సక్కగ లేని కాడ పేషెంట్ ఎదురుచూడాలె, మీ సార్ టేబుల్ కోసం. నాకు నచ్చదు గది. పేజీ లోడ్ అయినంక జావాస్క్రిప్ట్‌ల యూజర్‌ఏజెంట్‌డేటా నుంచి గెట్‌హైఎంట్రపీవ్యాల్యూస్ అడిగి, వచ్చింది చిన్న బీకన్‌తోని (వెనకనే పోయే రిక్వెస్ట్) పంపు, ఎవ్వలికీ ఆలస్యం కాదు.

పంపినప్పుడు గూడ పేషెంట్ ఐడీ పక్కన మోడల్ రాసి పెట్టకు. ల్యాబ్ రిపోర్టుల సైట్ అది. మోడల్‌కి ఎంతమంది అని లెక్క ఒక్కటి పెంచు, వరుస దాచకు. 2023ల డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, రేపు ఎవరన్న "నా ఫోన్ వివరం మీకెందుకు" అంటే చెప్పనీకి జవాబుండాలె గద.

క్యూఏ_అక్క_కేపీహెచ్‌బీ

అందరూ రిపోర్ట్ గురించే మాట్లాడుతున్నారు, పాపం డబ్బులు కట్టలేకపోతున్న పేషెంట్ సంగతి ఎవరూ ఎత్తట్లేదు.

ముందు ఐప్యాడ్. 2019లో ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి సఫారీ డీఫాల్ట్‌గా డెస్క్‌టాప్ సైటే అడుగుతుంది, స్ట్రింగ్‌లో "మ్యాకింటాష్" అనే పంపుతుంది, సర్వర్ వైపు నుంచి దాన్నీ మ్యాక్‌నీ విడదీసే దారి లేదు. బ్రౌజర్‌లో అయితే నావిగేటర్‌లో మ్యాక్స్‌టచ్‌పాయింట్స్ చూడొచ్చు, మ్యాక్‌లో సున్నా, ఐప్యాడ్‌లో 5. లెక్క కోసమైతే అది వాడండి. మెనూ కోసం మాత్రం వాడకండి తమ్ముడూ. మీక్కావాల్సింది అది ఐప్యాడా కాదా అని కాదు కదా, అక్కడ మౌస్ ఉందా వేలు ఉందా అని. సీఎస్ఎస్‌లో హోవర్ నన్, పాయింటర్ కోర్స్ అని మీడియా క్వెరీలున్నాయి (మౌస్ కాదు, వేలే అని కనిపెట్టే షరతులు), దాన్నిబట్టి నొక్కితే తెరుచుకునే మెనూ ఇవ్వండి. ఫోన్లో ఎవరైనా "డెస్క్‌టాప్ సైట్" టిక్ పెట్టుకున్నా (అప్పుడు ఆండ్రాయిడ్ క్రోమ్ కూడా మామూలు లినక్స్ కంప్యూటర్‌నని చెప్తుంది) మీ మెనూ పని చేస్తుంది. ఇంకా మంచిది, హోవర్ మెనూ అనేదే తీసేసి అందరికీ నొక్కేదే పెట్టేయండి.

ఇక యూపీఐ. ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ నొక్కితే తెరుచుకునేది క్రోమ్ కాదు, ఆ యాప్ లోపలే ఉన్న చిన్న బ్రౌజర్, వెబ్‌వ్యూ అంటారు. మీ బటన్ యూపీఐ://పే అనే లింక్‌కి వెళ్తుంది. క్రోమ్‌కి అది యాప్‌లకి అప్పగించాల్సిన లింక్ అని తెలుసు, కింద నుంచి ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం లిస్ట్ పైకొస్తుంది. వెబ్‌వ్యూకి ఆ తెలివి సొంతంగా ఉండదు, యాప్ రాసినవాళ్లు ప్రత్యేకంగా కోడ్ రాస్తేనే, లేకపోతే దాన్ని మామూలు వెబ్ అడ్రస్ అనుకుని వెతికి, తెల్ల పేజీ మీద "వెబ్‌పేజ్ నాట్ అవైలబుల్", కింద చిన్నక్షరాల్లో "ఈఆర్ఆర్ అన్‌నోన్ యూఆర్‌ఎల్ స్కీమ్" అని పెడుతుంది. పేషెంట్‌కి ఆ చిన్నక్షరాలు ఏం తెలుస్తాయి, డబ్బులు కట్ అయ్యాయేమో అని భయపడి రిసెప్షన్‌కి ఫోన్ కొడతారు.

మామూలుగా నేను చెప్పేది స్ట్రింగ్ చూసి నిర్ణయాలు తీస్కోవద్దు, పని అవుతోందో లేదో చేసి చూడండి అని. యూపీఐ బటన్‌కీ అలా చెయ్యొచ్చు, నొక్కాక పేజీ వెనక్కి వెళ్లిందా లేదా అని విజిబిలిటీ ఛేంజ్ ఈవెంట్‌లో చూసి, వెళ్లకపోతే వేరే దారి చూపించొచ్చు. కానీ వెబ్‌వ్యూలో ఆ ఎర్రర్ పేజీ మీ పేజీ ఉన్నచోటే వచ్చి కూర్చుంటుంది, మీ కోడ్ నడవడానికి అక్కడ మీ పేజీయే ఉండదు. అందుకని ఇక్కడ మాత్రం ముందే తెలుసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో స్ట్రింగ్ బ్రాకెట్ లోపల చివర్న "డబ్ల్యూవీ" అని ఉంటుంది, ఐఫోన్‌లో అయితే "మొబైల్" ఉండి "సఫారీ" అనే మాట లేకుండా ఉంటుంది, పైగా ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ తమ పేరు కూడా చివర్న రాసుకుంటాయి. అది కనిపిస్తే బటన్ బదులు "క్రోమ్‌లో తెరవండి" అని చూపించండి, తెలుగులో రాయండి, మూడు చుక్కలు ఎక్కడున్నాయో బొమ్మ పెట్టండి. దాని కిందే క్యూఆర్, యూపీఐ ఐడీ కాపీ చేసే బటన్. జనం క్యూఆర్‌ని స్క్రీన్‌షాట్ తీసి పే యాప్‌లో గ్యాలరీ నుంచి ఎక్కించడం బాగా అలవాటు చేసుకున్నారు, మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లు కూడా చేస్తున్నారు.

నాచారం_నైట్‌షిఫ్ట్

చిన్న యాడ్ ఆన్. ముందు సీడీఎన్ (పేజీల కాపీలు దాచి దగ్గర్నుంచి ఇచ్చే సర్వర్లు) ఉంటే సర్వర్‌లో యూజర్ ఏజెంట్ చూసి వేరే వేరే హెచ్‌టీఎంఎల్ ఇవ్వొద్దు బ్రో. వేరీ అనే హెడర్‌లో (దేన్నిబట్టి కాపీలు వేరు చెయ్యాలో చెప్పేది) యూజర్-ఏజెంట్ పెట్టకపోతే ఎవడో డెస్క్‌టాప్ వాడికి కట్టిన పేజీ ఫోన్‌కి పోతది, పెడితే ప్రతి స్ట్రింగ్‌కి ఒక కాపీ దాస్తది, కాష్ ఉన్నా లేనట్టే. తప్పదంటే సీడీఎన్‌నే అడగండి, క్లౌడ్‌ఫ్రంట్ అయితే మొబైల్ వ్యూయరా కాదా అని తనే హెడర్ ఇస్తది.

మాదాపూర్_మిడిల్‌వేర్

అక్కా సూపర్, డబ్ల్యూవీ చెక్ పెట్టి స్టేజింగ్‌లో వేశా, క్యూఆర్ వస్తోంది. మెనూ కూడా నొక్కేదే పెట్టేస్తున్నా అందరికీ.

మోడల్ కాలమ్ తీసేస్తానంటే సార్ ఒప్పుకోలేదు, హింట్స్ నుంచి వచ్చినవి మాత్రం చూపించి మిగతావి "చెప్పలేదు" అని వేస్తానన్నా, దానికి సరే అన్నాడు.

లాస్ట్ డౌట్. టేబుల్‌లో కొన్ని వరుసలు "ఫైర్‌ఫాక్స్ 48, కైఓఎస్ 2.5" అని ఉన్నాయి. ఇవి బాట్‌లా? అసలు ఫైర్‌ఫాక్స్ 48 ఇప్పుడెవరు వాడతారు?

క్యూఏ_అక్క_కేపీహెచ్‌బీ

బాట్‌లు కాదు, జియోఫోన్లు అయ్యుంటాయి. 2017లో వచ్చిన బటన్ ఫోన్, దాంట్లో కైఓఎస్ నడుస్తుంది, లోపల గెకో 48. స్ట్రింగ్‌లో "ఎల్‌వైఎఫ్" (రిలయన్స్ ఫోన్ల బ్రాండ్) అని కూడా ఉందేమో చూడండి. వాళ్లకి మీ సైట్ తెల్లగా కనిపిస్తూ ఉంటుంది, ఎందుకంటే అసింక్ అవెయిట్ (జావాస్క్రిప్ట్‌లో కొత్త రాత పద్ధతి) ఫైర్‌ఫాక్స్‌లో 52 నుంచే వచ్చింది, పేజీని గళ్లుగా సర్దే సీఎస్ఎస్ గ్రిడ్ కూడా 52లోనే. ఫైల్ మొత్తంలో ఒక్కచోట అసింక్ ఫంక్షన్ ఉన్నా ఆ ఫైల్ అంతా పడిపోతుంది.

బుకింగ్ అంతా వాళ్ల కోసం మళ్లీ రాయక్కర్లేదు. రిపోర్ట్ పేజీ ఒక్కటి సర్వర్ నుంచే హెచ్‌టీఎంఎల్‌గా ఇచ్చి పీడీఎఫ్‌కి మామూలు లింక్ పెట్టండి, స్క్రిప్ట్ నడిచినా నడవకపోయినా తెరుచుకుంటుంది. స్క్రిప్ట్‌లు పెద్దగా నడపని ఒపెరా మినీ బ్రౌజర్ వాళ్లకీ అదే పనికొస్తుంది. 

బండ్లగూడ_బ్యాకెండ్

ఎమ్యులేటర్‌ల చూసి అయిపోయింది అనకు. జగదీష్ మార్కెట్ పో, సెకండ్ హ్యాండ్‌ల బటన్ ఫోన్ ఒకటి, పాత ఆండ్రాయిడ్ ఒకటి తెచ్చి ఆఫీస్‌ల పెట్టుకో. ఇన్‌స్టా లోపలి పేజీని కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి క్రోమ్ ఇన్‌స్పెక్ట్‌ల చూద్దామంటే కనబడదు, ఆ యాప్ వాళ్లు డీబగ్గింగ్ బంద్ పెట్టుంటరు. చిన్న టెస్ట్ యాప్ కట్టుకొని దాంట్ల వెబ్‌వ్యూ పెట్టి సెట్‌వెబ్‌కాంటెంట్స్‌డీబగ్గింగ్‌ఎనేబుల్డ్ ఆన్ చేసుకో, అప్పుడు మీ యూపీఐ లింక్ ఏడ తప్పుతుందో లైన్‌తో సహా కనబడతది.